పద్దెనిమిది చక్కెర దిమ్మలు

ఆ శనివారం పొద్దున డంకన్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు పిల్లలు వస్తారు. ఒక్కొక్కరూ ఇంట్లోంచి ఒక వస్తువు తెచ్చి, దాని గురించి రెండు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడతారు. పదకొండు గంటలకు వాళ్ళ తల్లిదండ్రులు వచ్చి, ఆ ఇంగ్లీషు విని ముచ్చటపడి, గుమ్మంలో బల్ల మీద పెట్టిన రిజిస్టరులో సంతకాలు చేస్తారు. రెండు గంటలకు తరగతి నడిపే సంఘం అధ్యక్షుడు సీ రష్దీ వచ్చి సంతకాలు లెక్క చూసుకుంటాడు. ఆ తర్వాత డంకన్ స్థిమితంగా కూర్చుని పుదీనా టీ తాగుతాడు. కాగితం మీద చూస్తే మా అజ్రూ పట్టణంలో ఇంత సాఫీగా సాగాల్సిన పని ఇంకోటి లేదు.

పదిహేను కుటుంబాలు సంతకం పెడితేనే వచ్చే ఏడాది ఇంగ్లీషు తరగతి ఉంటుంది. లేకపోతే మూత. తరగతి మూతపడితే డంకన్ ఉండటానికి ఇచ్చిన కాగితాలు కూడా చెల్లవు. సోమవారం బస్సెక్కి, విమానమెక్కి, స్కాట్లండులో బావగారి చేపల కొట్టుకు పోయి నిలబడాలి. శుక్రవారం సాయంత్రానికి రిజిస్టరులో ఉన్న సంతకాలు అక్షరాలా మూడు.

చేపల కొట్టు తలుచుకుంటే అతనికి బాధ లేదు. పిల్లల్ని తలుచుకుంటేనే వెళ్ళబుద్ధి కావడం లేదు. ఆరు నెలల క్రితం పేరేమిటని అడిగితే బల్ల కిందికి దూరిన పిల్లలు, ఇప్పుడు హోంవర్కు ఎందుకు చెయ్యలేదో ఇంగ్లీషులోనే అబద్ధాలు చెబుతున్నారు. ఒక మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి?

తల్లిదండ్రులకు మూడు వారాలుగా చీటీలు పంపుతూనే ఉన్నాడు. ఆ చీటీలు పిల్లల జేబుల్లోంచి నేరుగా బట్టలుతికే తొట్టిలోకి వెళుతున్నాయి. పదిహేనేళ్ళ పిల్లలు అమ్మానాన్నల్ని మాస్టారి ఎదుట నిలబెట్టే పొరపాటు ఏ దేశంలోనూ చెయ్యరు.

తరగతి నడిచేది లల్లా రఖియా ఇంట్లో. పెద్దవాళ్ళలో ఆడవాళ్ళను ‘లల్లా’ అనీ మగవాళ్ళను ‘సీ’ అనీ పిలవడం మా ఊరి మర్యాద. సంఘం వాళ్ళ హాలు చలికాలంలో కారడం మొదలెట్టిన దగ్గర్నుంచీ ఆవిడే తన ముందుగది ఇచ్చింది. మేడ మీద గదిలో డంకన్ అద్దెకుంటాడు. ఆవిడ అరవై ఎనిమిదేళ్ళ వితంతువు. మనిషి పిడికెడు, గొంతు మాత్రం మూడు వీధులకు సరిపోతుంది. గురువారం తెల్లారగానే ఆవిడ తన గదికి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుని, డంకన్‌తో ఏదో చెప్పి బయల్దేరింది. అతనికి ‘ఖెనీఫ్రా’, ‘చెల్లెలు’, ‘శనివారం’ అన్న మూడు మాటలు అందాయి. బుద్ధిగా తలాడించాడు.

వీధిలో మరెవరికీ ఆవిడ చెప్పలేదు. చెబితే పక్కింటి లల్లా తామూకు చెప్పాలి. తామూతో మాటల్లేక అప్పటికి ఏడు రోజులు. మేడ మీద ఆరేసిన తివాచీ నీళ్ళు తన పుదీనా మీద పడ్డాయని ఒకరూ, అవి తివాచీ నీళ్ళే కావు, కరిగిన మంచు అని ఇంకొకరూ. ముప్ఫై ఏళ్ళ స్నేహం అంతకు తక్కువ విషయం మీద ఆగిపోదు కదా.

శుక్రవారం వచ్చింది. ప్రతి శుక్రవారం లల్లా రఖియా ఇంటి నుంచి మసీదుకు పెద్ద పళ్ళెం నిండా గోధుమరవ్వతో వండిన కుస్‌కుస్ వెళుతుంది. ఆ రోజు వెళ్ళలేదు. ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళే స్నానాల ఇంట్లో ఆవిడ ఎప్పుడూ కూర్చునే మూల ఖాళీగా ఉంది. తామూ పంతం దిగమింగుకుని వీధిలో డంకన్‌ను ఆపింది.

“నాయనా, రఖియా ఎట్లా ఉంది?”

డంకన్ ఆరు నెలల్లో నేర్చుకున్న అరబ్బీని అరచేతి మీద రాసుకోవచ్చు. అందులో అతనికి బాగా అచ్చొచ్చిన మాట ఒకటుంది. ఎవరేమడిగినా అదే చెబుతాడు, ఇంతవరకూ ఎవరూ తప్పుపట్టలేదు. చెయ్యి గుండె మీద పెట్టుకుని, మర్యాదగా తల దించి, “అంతా దేవుడి దయ” అన్నాడు.

తామూకు గుండె ఝల్లుమంది. ఆ మాట ఆ భంగిమలో మా ఊళ్ళో ఆశ వదులుకున్నప్పుడే అంటారని ఆవిడకు తెలుసు.

అదే సాయంత్రం తరగతిలో పెద్ద బద్ధకస్తుడు బద్ర్, అందరికన్నా తెలివైన గిజ్లాన్‌కు ఫోన్ చేశాడు.

“రేపటికి దేని గురించి రాశావే?”

“చక్కెర దిమ్మ గురించి.”

“ఒక్కసారి పంపవా? ఊరికే చూసి ఇచ్చేస్తా.”

“పోయినసారి కూడా ఊరికేగా చూసింది?”

“ఈసారి ఒట్టు.”

గిజ్లాన్ పంపింది. అన్నం వేళకల్లా ఆ రెండు నిమిషాల ప్రసంగం పదిహేడు ఫోన్లలో ఉంది. ప్రసంగం చక్కెర దిమ్మ గురించి అయ్యాక చేతిలో వేరే వస్తువు పట్టుకుని నిలబడలేరు కదా. చక్కెర దిమ్మ లేని ఇల్లు మాత్రం ఏది? బీరువా మీద నీలం కాగితం చుట్టుకుని, ఏదో పెళ్ళికి వచ్చి, ఇంకేదో ఇంటికి పోవడానికి సిద్ధంగా ఎప్పుడూ ఒకటి నిలబడే ఉంటుంది. మోచేతి పొడుగున, రెండు కిలోల బరువున.

శనివారం పది గంటలకు లల్లా తామూ తన గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది. ఒక పిల్ల చక్కెర దిమ్మను చంటిబిడ్డలా ఎత్తుకుని రఖియా ఇంట్లోకి వెళ్ళింది. పోనీలే అనుకుంది తామూ. వెనకాలే ఇంకో పిల్లాడు, వాడి చేతిలోనూ దిమ్మే. తర్వాత ముగ్గురు కలిసి. అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. అందరి మొహాలూ వేలాడుతున్నాయి. పెదాలు మాత్రం కదులుతున్నాయి. వాళ్ళు పాఠం వల్లె వేసుకుంటున్నారని ఆవిడకేం తెలుసు? ప్రార్థన అనుకుంది.

ఏడో దిమ్మ దగ్గర చిక్కుడుకాయ ఆవిడ చేతిలోంచి జారిపోయింది. ఒక ఇంటికి ఇంత చక్కెర నడిచి వస్తోందంటే ఏదో జరిగి తీరాలి. పెళ్ళా? ఆ ఇంట్లో పెళ్ళి కావలసినవాళ్ళు లేరు. పురుడా? అరవై ఎనిమిదేళ్ళావిడకా! హజ్ నుంచి వచ్చిందా? వెళితే కదా రావడం. ఇక మిగిలింది ఒక్కటే.

“రఖియా! అయ్యో నా తల్లీ, రఖియా!” అని తామూ రెండు చేతులతో తొడలు చరుచుకుంది. “తొమ్మిది రోజులు! తొమ్మిది రోజులు నీతో మాట్లాడలేదే! నాలుగు పుదీనా రెబ్బల కోసం!”

ఆ కేకకు మొదట పరుగెత్తుకొచ్చినవాడు సీ బువజ్జా. ముప్ఫై రెండేళ్ళు తపాలా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఎవరికి ఏం జరిగినా దాన్ని సక్రమంగా నడిపించే బాధ్యత తనదేనని ఆయన నమ్మకం. ఆయన తొణకలేదు. ముందు రఖియా నంబరుకు ఫోన్ చేశాడు. ఇంటి నడవలోకి వెళ్ళి, చెవి ఒగ్గి విన్నాడు.

ఫోన్ మోగింది. తాళం వేసి ఉన్న గదిలోంచి మోగింది.

వెంట వచ్చిన నలుగురూ కొయ్యబారిపోయారు. లల్లా రఖియా ఎక్కడికి వెళ్ళినా ఫోన్ ఇంట్లోనే భద్రంగా దాచిపెట్టి వెళుతుందన్నది ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. తట్టినా లాభం లేదు, సీ బువజ్జా అప్పటికే వేళ్ళ మీద పనులు లెక్కపెడుతున్నాడు.

“వీధిలో గుడారం వెయ్యాలి. కుర్చీలు నేను తెప్పిస్తా. ఖురాన్ చదివే పెద్దలకు కబురు పెట్టండి. మాంసం కొట్టుకు ఒకరు పొండి. ఈ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగకూడదు, కాబట్టి వంట తామూ వాకిట్లో. తలుపు తియ్యడానికి వడ్రంగిని పిలవండి.”

“మరి లోపల ఆ తెల్లబ్బాయి?”

“వాడికి తెలిసే ఉంటుంది. అందుకే పిల్లల్ని పిలిపించి కూర్చోబెట్టాడు. పాపం, మన పద్ధతి తెలియకపోయినా వాడికి తోచింది చేస్తున్నాడు.”

ఇదంతా జరుగుతున్నప్పుడు ముందుగదిలో డంకన్ చక్కెర దిమ్మ గురించి తొమ్మిదో ప్రసంగం వింటున్నాడు. మొదటిది విన్నప్పుడు బాగుందనుకున్నాడు. రెండోది విన్నప్పుడు యాదృచ్ఛికం అనుకున్నాడు. మూడో దానికి విషయం అర్థమై, కోపం తెచ్చుకుందామని చూశాడు కానీ, ఈ రోజు కోప్పడే రోజు కాదని ఊరుకున్నాడు. ‘మా ఊళ్ళో బిడ్డ పుడితే చక్కెర తీసుకెళతాం. పెళ్ళయితే చక్కెర తీసుకెళతాం. మనిషి పోతే చక్కెర తీసుకెళతాం’ అని తొమ్మిది గొంతులు తొమ్మిదిసార్లు స్పష్టమైన ఇంగ్లీషులో అతనికి చెప్పాయి. అతను తొమ్మిదిసార్లూ ఉచ్చారణ మాత్రమే విన్నాడు. ఏ దేశంలోనైనా ఇంగ్లీషు మాస్టర్లకు పిల్లలు ఎలా మాట్లాడారన్నదే వినిపిస్తుంది, ఏం చెప్పారన్నది వినిపించదు.

అప్పుడు గుమ్మంలో అలికిడయింది. డంకన్ తల తిప్పి చూసి, తన కళ్ళను తనే నమ్మలేకపోయాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు. ఒకరిద్దరు కాదు, వీధి వీధంతా లోపలికి వస్తోంది. చీటీలు పని చేశాయి! చేతుల్లో చక్కెర దిమ్మలు కూడా తెస్తున్నారు. పిల్లల పాఠానికి తల్లిదండ్రులు ఇంతగా సహకరించడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

“దేవుడు నీకు ఓపికివ్వాలి నాయనా” అంటూ మొదటావిడ అతని భుజం తట్టింది.

“అంతా దేవుడి దయ” అన్నాడు డంకన్, చెయ్యి గుండె మీద పెట్టుకుని.

“ఎంత సంస్కారం!” అని వెనకావిడ ముక్కు చీదింది. “మనవాళ్ళు కూడా ఇట్లా అనరు.”

డంకన్ వినయంగా వంగి బల్ల మీద రిజిస్టరు తెరిచి, పెన్ను అందించాడు. ఆవిడ పెన్ను కేసి, అతని కేసి మార్చి మార్చి చూసింది. చావింట్లో సంతకమేమిటి? వరస ఆగిపోయింది. గుసగుసలు లేచాయి. అప్పుడు సీ బువజ్జా గొంతు సవరించుకున్నాడు.

“కంగారు పడకండి. వాళ్ళ దేశాల్లో పెద్దవాళ్ళు పోతే గుమ్మంలో పుస్తకం పెడతారు. వచ్చినవాళ్ళు వరసగా నిలబడి సంతకం చెయ్యాలి. నేను టీవీలో కళ్ళారా చూశా.”

“పరామర్శకొస్తే సంతకమా?”

“మనం చక్కెర తెస్తాం, వాళ్ళు సంతకం పెడతారు. ఎవరి ఆచారం వాళ్ళది. పెట్టకపోతే అబ్బాయి నొచ్చుకుంటాడు.”

ఆయన ముందుగా తనే పెట్టాడు, తపాలా ఆఫీసు నాటి పొడవాటి తోకతో సహా. తర్వాత ఇక అడ్డు లేదు. రాయడం వచ్చినవాళ్ళు రాశారు, రానివాళ్ళు వేలిముద్ర వేశారు. చదువు రాని తల్లులు వేలికి సిరా పూసుకుని పిల్లల చదువు కోసం ముద్ర వెయ్యడం చూసి డంకన్‌కు ఇక ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి.

“పాపం, కన్నతల్లిలా చూసుకుంది మరి” అన్నారందరూ. అంతవరకూ అతని నవ్వుమొహం చూసి లోపల్లోపల అనుమానించినవాళ్ళు కూడా మెత్తబడ్డారు.

ఈలోగా ఒక తల్లి గదిలో ఉన్న పిల్లలకు విషయం చెప్పింది. పద్దెనిమిది మందీ ఒకరినొకరు చూసుకున్నారు. లల్లా రఖియా పోయిందా? లోపలి గదిలోనే ఉందా? మరి మాస్టారు పొద్దుట్నుంచీ నవ్వుతూ పాఠం చెబుతున్నాడేమిటి? గిజ్లాన్‌కు ఏడుపొచ్చింది. అయినా ధైర్యం చేసి డంకన్ దగ్గరికి వెళ్ళి, వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుంది.

“మాస్టారూ, మాకందరికీ చాలా బాధగా ఉంది.”

అందరూ ఒకే ప్రసంగం కాపీ కొట్టినందుకు పశ్చాత్తాపపడుతోందనుకున్నాడు డంకన్. అతని మనసు కరిగిపోయింది.

“ఇంత చిన్న విషయానికి ఎవరైనా ఏడుస్తారా?” అన్నాడు.

గిజ్లాన్ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. “చిన్న విషయమా మాస్టారూ?”

“చిన్నదే. మా దేశంలో కూడా ఇలాంటివి ఏడాదికి రెండు మూడు జరుగుతుంటాయి. నాకు అలవాటే. నిజం చెప్పనా? ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉంది.”

గిజ్లాన్ రెండడుగులు వెనక్కి వేసి, బద్ర్ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

“ఏమన్నాడే?” అన్నాడు బద్ర్.

“ఇల్లుగలావిడలు ఏడాదికి ఇద్దరు ముగ్గురు పోతుంటారట. అలవాటేనట.”

బద్ర్ చేతిలో దిమ్మను గట్టిగా పట్టుకున్నాడు. “ఈ ఏడాది ఇది ఎన్నోది?”

పన్నెండు దాటింది. వీధిలో గుడారం లేచింది. తామూ వాకిట్లో పెద్ద గుండిగ పొయ్యెక్కింది. ఖురాన్ చదివే పెద్దలు నలుగురు వచ్చారు. తరగతికి ఆశీర్వాదం ఇవ్వడానికి వచ్చారనుకుని డంకన్ వాళ్ళ చేత కూడా సంతకాలు పెట్టించి, లోపల పరుపుల మీద కూర్చోబెట్టాడు. వంటవాడు కూడా గరిటె పక్కన పెట్టి వచ్చి పెట్టాడు. ఒక పేజీ నిండింది, రెండో పేజీ సగమైంది. పదిహేను కావలసిన చోట అరవై దాటింది. డంకన్‌కు గాల్లో నడుస్తున్నట్టుంది.

చివరికి వడ్రంగి వచ్చాడు. సంతకం పెట్టాడు. సంచీలోంచి ఉలీ సుత్తీ తీసి, తాళం వేసిన గది ముందు చతికిలబడ్డాడు. పెద్దలు చదవడం మొదలెట్టారు. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు మొదటిసారి డంకన్‌కు ఏదో తేడాగా అనిపించింది. పిల్లల చదువుకోసం వచ్చినవాళ్ళు ఇల్లుగలావిడ తలుపెందుకు పగలగొడుతున్నారు?

“గిజ్లాన్, ఆ తలుపు ఎందుకు తీస్తున్నారు?”

“ఆవిడను బయటికి తియ్యడానికి, మాస్టారూ” అంది గిజ్లాన్ దూరం నుంచే.

“ఎవర్ని?”

“లల్లా రఖియాను.”

“ఆవిడ లోపలెందుకుంటుంది? ఖెనీఫ్రాలో చెల్లెలింటికి వెళ్ళింది కదా. గురువారం వెళ్ళింది. ఇవాళ వస్తుంది.”

గిజ్లాన్ నోరు తెరిచింది. అందరికీ వినిపించేలా చెబుదామనుకునేసరికి, వీధి మొగలో ఎవరో గుండె పగిలేలా ఏడుస్తూ రావడం వినిపించింది.

లల్లా రఖియా టాక్సీ దిగి, చేతిలో అక్రోట్ల సంచీతో మలుపు తిరిగింది. తిరగగానే తన గుమ్మం ముందు గుడారం కనిపించింది. కుర్చీలు, జనం, లోపలినుంచి పెద్దలు చదువుతున్న స్వరం. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. తను ఇక్కడ నిలబడి ఉంది. అంటే పోయింది ఎవరు?

“అయ్యో నా కొడకా!” సంచీ జారి అక్రోట్లు వీధంతా దొర్లాయి. “ముప్ఫై ఏళ్ళు కూడా లేవు కదరా! చలికి స్వెట్టరు వేసుకోరా అంటే వినకపోతివి! మీ అమ్మకు నేనేం చెప్పేదిరా!”

ముసుగు మొహం మీదికి జారి ఉంది. ఏడుపుకు గొంతు బొంగురుపోయింది. గుడారంలో ఉన్న ఆడవాళ్ళు దూరపు చుట్టమనుకుని లేచి ఆవిడను రెండు పక్కలా పట్టుకున్నారు.

“ఓర్చుకో అక్కా. వయసు మళ్ళినావిడ. దేవుడు సుఖంగానే తీసుకెళ్ళాడు.”

“వయసు మళ్ళడమేంటి? వాడు పసివాడు!”

“దుఃఖంలో ఏదో అంటోంది, లోపలికి తీసుకెళ్ళండి.”

అలా ఆరుగురు కలిసి లల్లా రఖియాను ఆవిడ చావుకు ఆవిడనే మర్యాదగా నడిపించుకుంటూ లోపలికి తీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే వడ్రంగి ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. ఆవిడ తల ఎత్తి చూసింది. దేవదారు తలుపు. పెళ్ళయిన ఏడాది మొగుడు చేయించిన తలుపు.

“ఒరేయ్! నా తలుపు మీద సుత్తి వేశావంటే నీ చేతులు విరుస్తా!”

ఈసారి గొంతు బొంగురుగా లేదు. మూడు వీధులకూ వినిపించింది. ఆ గొంతు తెలియనివాళ్ళు అజ్రూలో లేరు. వడ్రంగి సుత్తి వదిలేసి గోడకు అంటుకుపోయాడు. చదువుతున్న పెద్దలు మాట మధ్యలో ఆగిపోయారు. తామూ ముసుగు కింది మొహాన్ని చూసి, “రఖియా...” అని గాలిలాంటి గొంతుతో అని, చక్కెర దిమ్మల గుట్ట మీద సొమ్మసిల్లి పడిపోయింది. అదే సమయానికి రిజిస్టరు గుండెలకు హత్తుకుని డంకన్ ముందుకొచ్చాడు. అతన్ని చూసి రఖియా కెవ్వున అరిచింది.

కాసేపు ఆ ఇంట్లో ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో ఎవరికీ తేలలేదు. ముందు తేరుకున్నది రఖియాయే. డంకన్ చెంపలు రెండూ తడిమి, గిల్లి చూసి, వెచ్చగానే ఉన్నాయని నమ్మకం కుదిరాక జనం వైపు తిరిగింది.

“ఎవరు పోయారు?”

సీ బువజ్జా తన బూట్లను పరిశీలిస్తున్నాడు.

“అడుగుతున్నానా? నా ఇంట్లో ఎవరు పోయారు?”

“నువ్వే” అంది తామూ, నీళ్ళు చల్లగా లేచి కూర్చుని.

రఖియా ఒక నిమిషం పాటు గది అంతా కలియజూసింది. గోడవారగా నీలం కాగితాల దిమ్మలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఆవిడ మొహంలో భయం పోయి, ఇంకేదో వచ్చింది.

“ఇంతమంది వచ్చారా?” అంది మెల్లిగా. తర్వాత తామూ మీద చూపు నిలిపింది. “నువ్వెన్ని తెచ్చావు?”

“ఒకటి.”

“ముప్ఫై ఏళ్ళ స్నేహానికి ఒక్కటా?”

“సాయంత్రం ఇంకోటి తెద్దామనుకున్నానే! నువ్వు ఆగితే కదా!”

ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు, మధ్యమధ్య తిట్టుకున్నారు. చదవడం ఆపిన పెద్దల వైపు తిరిగి రఖియా, “మీరు కానివ్వండి. మొదలెట్టింది సగంలో ఆపకూడదు. ఎప్పటికైనా పనికొచ్చేదే” అంది. వాళ్ళు కానిచ్చారు.

ఈ గొడవలో డంకన్‌ను ఎవరూ పట్టించుకోలేదు. గిజ్లాన్ అతని పక్కన కూర్చుని, పొద్దుటి నుంచీ జరిగిందంతా ఒక్కో ముక్కా విప్పి చెప్పింది. చక్కెర ఎందుకు, కన్నీళ్ళు ఎందుకు, సంతకాలు దేనికి. వింటున్నకొద్దీ అతని మొహంలో రంగు దిగిపోయింది. చివరికి రిజిస్టరు తెరిచి ఆ రెండు పేజీలూ చూసుకున్నాడు. ఆ వేలిముద్రలు చూసుకున్నాడు. వాటిలో ఒక్కటి కూడా తన పిల్లల కోసం వేసింది కాదు.

“అంటే మనకు ఇంకా మూడే” అన్నాడు, రిజిస్టరును మళ్ళీ గుమ్మంలో బల్ల మీద పెట్టేసి.

“మూడే, మాస్టారూ” అంది గిజ్లాన్.

సీ రష్దీ సరిగ్గా రెండింటికి వచ్చాడు. దారిలో వార్త విని, సంఘం తరఫున రెండు దిమ్మలు పట్టుకుని, విచారంగా మొహం పెట్టి, గుమ్మంలో ఎవరో అందించిన పెన్నుతో సంతకం చేసి మరీ లోపలికి వచ్చాడు. లోపల లల్లా రఖియా టీ పోస్తూ కనిపించేసరికి అక్కడికక్కడే కుర్చీలో కూలబడ్డాడు. గుండె దడ తగ్గాక డంకన్ రిజిస్టరు ఆయన ముందు పెట్టాడు. అబద్ధం చెబితే గట్టెక్కేవాడే. ఆయన సంతకాలు లెక్కపెట్టి తల ఎగరేసి, “శభాష్” అనబోయాడు కూడా. కానీ డంకన్ గిజ్లాన్ చేత ఉన్నదున్నట్టు చెప్పించాడు.

“అయితే ఇవి లెక్కలోకి రావు” అన్నాడు సీ రష్దీ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. “నిజాయితీగా చెప్పాడు, సంతోషం. కానీ రూలు రూలే. తరగతి ఈ రోజుతో మూత.”

పిల్లలు పద్దెనిమిది మందీ తలలు దించుకున్నారు. బద్ర్ అయితే చెవులదాకా ఎర్రబడి, “చీటీ నేను మా అమ్మకు ఇవ్వలేదు” అని నేలతో చెప్పాడు. చుట్టూ ఉన్న తల్లులు ఇదేదో తమకు సంబంధించిన వ్యవహారమని అప్పుడే గ్రహించారు.

లల్లా రఖియా టీ కెటిల్ కింద పెట్టింది.

“ఆ పుస్తకం ఇటివ్వు. ఈ సంతకాలు దేనికి పెట్టారు?”

“నీ... అదే... నీకోసమే లల్లా” అన్నాడు సీ బువజ్జా.

“నా చావుకు పెట్టారు. అంటే ఇవి నావి. వీటిని ఏం చెయ్యాలో నేను చెబుతా.” ఆవిడ రిజిస్టరును బల్ల మీద పరిచి, పెన్ను పక్కన పెట్టింది. “పేరు కొట్టేసుకోవాలనుకున్నవాళ్ళు ముందుకు రండి. రఖియా చావుకు నేను రాలేదు అని, నా కళ్ళముందే కొట్టేసుకోండి. నేను ఇక్కడే నిలబడి చూస్తా.”

ఎవరూ కదల్లేదు. సీ బువజ్జా గుడారం ఎంత దిట్టంగా ఉందో పరీక్షించడానికి బయటికి పోబోయాడు, తామూ చొక్కా పట్టుకుని ఆపింది.

“లల్లా, కాస్త ఆలోచించు” అన్నాడు సీ రష్దీ. “ఈ పేజీ పైన ఏం రాసుందో చూశావా? ‘మేము వచ్చే ఏడాది ఈ తరగతిలో చేరుతామని ఒప్పుకుంటున్నాం’ అని ఉంది. వీళ్ళెవరూ అది చదవకుండా పెట్టేశారు.”

“నిన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేసిన రోజు మేం చదివే పెట్టామా?”

సీ రష్దీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. రిజిస్టరులో చివరి సంతకం కేసి చూసుకున్నాడు. అది ఆయనదే.

“సరే, పిల్లలున్నవాళ్ళు పిల్లల్ని పంపుతారు” అన్నాడు నీరసంగా. “పిల్లలు లేనివాళ్ళో?”

“వాళ్ళే వస్తారు. మాటంటే మాటే కదా.”

ఖురాన్ చదివే నలుగురు పెద్దలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వంటవాడు గరిటె వెతుక్కుంటూ పోయాడు. సీ రష్దీ రెండు పేజీల చివరా సంఘం ముద్ర గుద్ది, తారీఖు వేశాడు. పిల్లలు ఎగిరి గంతేసిన కేకకు గుడారం తాడొకటి ఊడింది. గిజ్లాన్ ఏడుస్తూ నవ్వుతూ డంకన్ చెయ్యి పట్టుకుని ఊపేసింది. అతనికి మాత్రం ఇంకా తేరుకోవడానికి వీల్లేకుండా ఉంది. పొద్దున మూడు సంతకాల మాస్టారు, మధ్యాహ్నానికి అరవై ఏడు మందికి మాస్టారయ్యాడు. అందులో సగానికి పైగా అతని కన్నా పెద్దవాళ్ళు.

పరామర్శకు తెచ్చిన చక్కెర తిరిగి ఇంటికి పట్టుకెళితే చావు వెంట వచ్చినట్టే కాబట్టి, ఎవరి దిమ్మనూ ఎవరూ ముట్టుకోలేదు. వండిన కుస్‌కుస్ పారెయ్యలేరు కాబట్టి, అందరూ కూర్చుని తిన్నారు. రఖియా తన చావు భోజనాన్ని రెండుసార్లు వడ్డించుకుని, మాంసం ఇంకాస్త ఉడకాల్సిందని వంటవాడికి చెప్పింది.

జనం పలచబడ్డాక డంకన్ రిజిస్టరు పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చాడు. వీధి మొత్తం మీద అందులో పేరు లేనిది ఆవిడ ఒక్కతే. ఖాళీ గీత మీద వేలు పెట్టి, నవ్వుతూ పెన్ను అందించాడు. గిజ్లాన్ అనువాదం చేసింది, “మీరు కూడా చేరాలంటున్నారు మాస్టారు.”

లల్లా రఖియా పెన్నును పక్కకు తోసేసి, గిన్నెలు సర్దుకుంటూ అంది: “నాకెందుకమ్మా చదువు, పోయినదాన్ని.”